అసలు మోరన్ ఎవరు?

డబ్లిన్‌లో 1794 ప్రాంతంలో పుట్టిన మైకేల్ మోరన్‌కు పసికందుగా ఉన్నప్పుడే జబ్బు చేసి చూపు పోయింది. పెద్దయ్యాక వీధుల్లో పాటలు కట్టి పాడుతూ, చతుర్లతో నవ్విస్తూ అడుక్కునేవాడు. ఓ పాటలో వచ్చే బిషప్పు పేరుతో జనం అతణ్ని ‘జోజిమస్’ అని పిలిచేవారు.

ఓసారి ఒక నటుడు పందెం కాసి, అచ్చం అతనిలా తయారై వీధిలో పాట అందుకున్నాడు. అంతలో మోరన్ వచ్చి, అసలువాణ్ని నేనేనని ఎంత మొత్తుకున్నా ఎవరూ నమ్మలేదు. పైగా వెక్కిరించారు. చివరికి ఆ నటుడే కాసిని షిల్లింగులు అతని చేతిలో పెట్టి నిజం చెప్పేశాడట!

మోరన్ 1846లో పోయాడు. ఈ ముచ్చటను కవి యేట్స్ 1893లో తన పుస్తకానికెక్కించాడు. ఆరోజు మనిషిని పోల్చుకోలేకపోయింది మాత్రం... చూపున్నవాళ్లే!