జెండా ఎన్ని గజాలు?

గోల్ఫ్‌లో దూరం చెప్పే పరికరాలు వాచీలుగానూ ఉన్నాయి, లేజర్లుగానూ ఉన్నాయి. రిటైరైన నాన్నకి ఏది కొనాలి? అకాడమీలో చేరిన అమ్మాయికి ఏది సరిపోతుంది? డబ్బులు కట్టేముందు తెలుసుకోవాల్సిన సంగతులివి...

ఇంటిస్థలం కొనేటప్పుడు టేపు పట్టించి, దగ్గరుండి కొలిపించుకుంటాం. రెండొందల గజాలని చెప్పి నూట తొంభై చూపిస్తే ఊరుకుంటామా? రిజిస్ట్రేషనే ఆపేస్తాం. గోల్ఫ్ ఆడేవాళ్లకీ ఆ పది గజాల దగ్గరే పేచీ. కాకపోతే అక్కడ చదరపు గజాలు, ఇక్కడ పొడవు గజాలు. అంతే తేడా!

ఎందుకంటే... ఓ మోస్తరుగా ఆడే మనిషి ఏడో నంబరు ఐరన్‌తో 140 గజాలు కొడతాడనుకుందాం. ఆరో నంబరు తీసుకుంటే బంతి మరో పది గజాలు ముందుకెళ్తుంది. ఎనిమిదో నంబరైతే పది గజాలు వెనక పడుతుంది. అంటే దూరం అంచనాలో పది గజాలు తప్పితే చేతిలోకొచ్చేది తప్పు క్లబ్బే. ఇక ఎంత చక్కగా కొట్టినా ఏం లాభం? బంతి గ్రీన్ ముందున్న నీళ్లలోనో, వెనకున్న ఇసుకగుంటలోనో తేలుతుంది.

అందుకే దూరం కొలిచే పరికరాలకు అంత గిరాకీ. కొన్ని వేల రూపాయలతో మొదలై అర లక్ష దాకా, ఆపైనా ఉన్నాయి. పుట్టినరోజు కానుకగా ఇద్దామనో, అమెరికా నుంచి వచ్చే అబ్బాయితో తెప్పిద్దామనో అనుకునే ఇళ్లలో మొదట వచ్చే ప్రశ్న ఒకటే. ఇన్నింటిలో ఏది కొనాలి?

అడుగుల లెక్క నుంచి...

ఒకప్పుడు దూరాన్ని కంటితోనే అంచనా వేసేవారు. 1961లో పెబుల్ బీచ్‌లో జరిగిన అమెరికా అమెచ్యూర్ పోటీల్లో జాక్ నిక్లాస్ తోటి ఆటగాడు డీన్ బీమన్ సలహాతో కోర్సంతా అడుగులు వేసి దూరాలు రాసుకున్నాడు. టైటిలూ గెలిచాడు. ఆ అలవాటు మిగతా ఆటగాళ్లకీ పాకింది. చాలా కోర్సుల్లో 100, 150, 200 గజాల దగ్గర రంగు గుర్తులు కనిపించేది కూడా ఇందుకే.

2000 మే నెలలో అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సంకేతాల్లో కావాలని కలిపే తేడాని తీసేసింది. అప్పటిదాకా వంద మీటర్ల వరకూ తప్పు చూపించే అవకాశమున్న పరికరాలు ఒక్కసారిగా పనికొచ్చేవయ్యాయి. ఇక నిబంధనల మాట. 2006లో, స్థానిక నిర్వాహకులు ఒప్పుకుంటే వాడుకోవచ్చన్నారు. 2019 జనవరి 1 నుంచి ఆ లెక్క తిరగబడింది. నిర్వాహకులు ప్రత్యేకంగా వద్దంటే తప్ప అందరూ వాడుకోవచ్చు. 2021లో కియావా ఐలాండ్‌లో జరిగిన పీజీఏ ఛాంపియన్‌షిప్, వీటిని అనుమతించిన మొదటి పురుషుల మేజర్ టోర్నీ. యాభై ఏళ్ల ఫిల్ మికెల్సన్ గెలిచింది అక్కడే. 2025లో అమెరికా పీజీఏ టూర్ కూడా కొన్ని టోర్నీల్లో ప్రయోగాత్మకంగా అనుమతించింది.

చూసినదాన్నే కొలిచేది

లేజర్ రేంజ్‌ఫైండర్ చూడటానికి చిన్న దుర్భిణిలా ఉంటుంది. కంటికి ఆనించి, జెండా మీద గురిపెట్టి మీట నొక్కితే కంటికి కనిపించని పరారుణ కిరణం వెళ్లి, తగిలి, వెనక్కి వస్తుంది. ఎంతసేపట్లో వచ్చిందన్నదాన్నిబట్టి దూరం లెక్కకడుతుంది. 150 గజాల దూరానికి ఈ రాకపోకలకు పట్టే సమయం సెకనులో పది లక్షలో వంతుకన్నా తక్కువే! మంచి పరికరాల్లో తేడా గజానికి అటూఇటూగా ఉంటుంది.

అయితే ఇది దేన్ని తాకితే దాని దూరమే చెబుతుంది. జెండాకర్ర సన్నం. మన చేయి కాస్త వణుకుతుంది. గోల్కొండ కోటలోని నయాఖిల్లా కోర్సులాంటి చోట జెండా వెనక చెట్లో, గోడో ఉందనుకోండి. కిరణం జెండాని తప్పించుకుని వాటిని తాకితే 150 చూపించాల్సింది 180 చూపిస్తుంది. నమ్మి కొడితే అంతే సంగతులు! అందుకే దగ్గరున్న వస్తువునే పట్టుకుని, పట్టుకోగానే చిన్నగా అదిరి చెప్పే ఏర్పాటు ఉన్నది ఎంచుకోవాలి. పెద్దవాళ్లకైతే చేతి వణుకుని సర్దే సదుపాయం ఉన్నది మేలు. నికాన్ లాంటి కంపెనీల కొన్ని మోడళ్లలో అది ఉంది.

మరో సంగతి. జెండా కంటికి కనపడకపోతే లేజర్ ఏమీ చేయలేదు. మలుపు తిరిగిన హోల్, మధ్యలో మట్టిదిబ్బ, పొగమంచు, జోరువాన... వీటన్నిటి దగ్గరా చేతులెత్తేస్తుంది.

చేతికి కట్టుకునేది

జీపీఎస్ వాచీకి గురి అక్కర్లేదు. మణికట్టు తిప్పి చూస్తే చాలు, మూడు అంకెలు కనిపిస్తాయి. గ్రీన్ ముందు అంచు, మధ్య, వెనక అంచు. దిబ్బ వెనకున్నా, మలుపు అవతలున్నా చెబుతుంది. బంకరు దాటాలంటే ఎంత కొట్టాలో చెప్పేవీ ఉన్నాయి. ఆట ఆలస్యం కాదు. కళ్లజోడు సర్దుకోవాల్సిన పనీ లేదు.

దీని లోపమల్లా జెండా ఎక్కడుందో తెలియకపోవడం. జెండాని గ్రీన్ మీద రోజుకోచోటికి మారుస్తుంటారు. ముప్ఫై గజాల పొడవున్న గ్రీన్ మీద జెండా ముందుంటే ఒక క్లబ్బు, వెనకుంటే ఇంకో క్లబ్బు. దానికితోడు ఉపగ్రహాల లెక్కలో కొద్ది గజాల తేడా ఎప్పుడూ ఉంటుంది. ఆకాశం బాగా కనిపించే చోట మామూలు స్మార్ట్‌ఫోనుకే సుమారు 5 మీటర్ల తేడా రావచ్చు. ఫోనులో వాడే ఆప్‌లు చవకే. ఉచితంగా దొరికేవీ ఉన్నాయి. కానీ కోర్సులో ఫోను వాడనివ్వని క్లబ్బులూ ఉన్నాయి. అదీ చూసుకోవాలి.

మరి ఎవరికి ఏది? గ్రీన్ మీద ఎక్కడో ఒకచోట బంతి పడితే చాలనుకునే కొత్తవాళ్లకీ, సరదాగా ఆడే పెద్దవాళ్లకీ వాచీ చాలు. గ్రీన్ మధ్యకి కొట్టడమే వాళ్లకి మంచిది కూడా. అనుకున్నచోట బంతిని దించగలిగేవాళ్లకీ, పోటీలకు తయారయ్యే పిల్లలకీ లేజర్ పనికొస్తుంది.

ఆ ఒక్క మీట!

పిల్లల కోసం కొనే తల్లిదండ్రులు ముఖ్యంగా చూడాల్సింది 'స్లోప్' మీట. గ్రీన్ ఎత్తులో ఉంటే దూరం ఎక్కువ కొట్టాలి. మూడడుగుల ఎత్తుకి సుమారు ఒక గజం అన్నది మోటులెక్క. ముప్ఫై అడుగుల ఎత్తున్న గ్రీన్‌కి 150 గజాలుంటే 160 అనుకుని కొట్టాలన్నమాట. ఈ లెక్కంతా పరికరమే చేసిపెడుతుంది. సాధనలో బాగానే ఉంటుంది. కానీ నిబంధనలు పాటించే పోటీలో వాలు కలిపి చెప్పిన దూరాన్ని వాడుకుంటే మొదటిసారి రెండు స్ట్రోకుల జరిమానా, రెండోసారి ఏకంగా అనర్హత వేటు. నెలల తరబడి తెల్లవారుజామునే లేచి సాధన చేసిన అమ్మాయి, ఆఫ్ చేయని ఓ మీట వల్ల ఏడుస్తూ ఇంటికి రావాలా? అందుకే స్లోప్ ఆపేసినట్టు పైకే కనిపించే మీట ఉన్న పరికరం కొనాలి. పోటీ ముందు రోజు నిర్వాహకుల్ని అడిగి, అసలు పరికరాలకు అనుమతి ఉందో లేదో తెలుసుకోవాలి.

క్యాడీని మరిచిపోవద్దు

మన కోర్సుల్లో దూరం చెప్పే పాత పరికరం ఒకటుంది. పేరు క్యాడీ! ఏళ్ల తరబడి అదే గడ్డి మీద నడిచిన మనిషికి కోర్సులో ఏ చెట్టు నుంచి గ్రీన్ ఎంత దూరమో నోటికొచ్చు. లేజర్ 150 అంటే, 'గాలి ఎదురుంది సాబ్, ఇంకాస్త దూరం వెళ్లే క్లబ్బు తీసుకోండి' అనేది ఆయనే. గ్రీన్ ఏ పక్కకి వాలిందో, వాన పడ్డాక బంతి ఎంత దొర్లుతుందో చెప్పేదీ ఆయనే. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన తొలి భారతీయ ప్రొఫెషనల్ అలీ షేర్ ఢిల్లీలో క్యాడీగా మొదలైనవాడే. పరికరం కొన్నాం కదా అని క్యాడీని మానేస్తే ఒక అంకె మిగులుతుంది, అనుభవం పోతుంది. ఆయన రోజుకూలీ కూడా! పరికరాన్ని ఆయన చేతికే ఇచ్చి చూడమంటే ఇద్దరికీ మంచిది.

ఆఖరిమాట... ఎంత ఖరీదైన పరికరమైనా జెండా ఎంత దూరమో చెబుతుంది. మీరెంత దూరం కొట్టగలరో చెప్పదు. చాలామంది ఎప్పుడో బాగా తగిలిన ఒక్క దెబ్బని గుర్తుపెట్టుకుని అదే తమ దూరమనుకుంటారు. ఓ సాయంత్రం సాధన మైదానానికి వెళ్లి, ఒక్కో క్లబ్బుతో పదేసి బంతులు కొట్టి, ఎక్కువ బంతులు ఎక్కడ పడ్డాయో చీటీ మీద రాసుకోవాలి. ఆ చీటీ లేకపోతే అర లక్ష పెట్టి కొన్నదైనా అలంకారమే. అది జేబులో ఉంటే, నాన్న వాచీ చూసుకుని సరైన క్లబ్బే తీస్తారు!

కొనేముందు...

* వాచీ అయితే మీరు ఆడే కోర్సు మ్యాపు అందులో ఉందో లేదో ముందే చూడాలి. మ్యాపులకు ఏటా చందా కట్టాలేమో అడగాలి.

* గజాల్లోనూ మీటర్లలోనూ చూపించాలి. స్కోరుకార్డు గజాల్లో ఉండి, పరికరం మీటర్లలో చెబితే 150 దగ్గర 14 గజాల తేడా వస్తుంది.

* విదేశాల నుంచి తెప్పిస్తే వారంటీ ఇక్కడ చెల్లుతుందా అన్నది కనుక్కోవాలి.

* చాలా లేజర్లలో వాడే సీఆర్2 బ్యాటరీ వీధిచివర కొట్లో దొరక్కపోవచ్చు. ఒకటి అదనంగా ఉంచుకోవాలి. ఛార్జింగ్ పెట్టుకునేవీ వస్తున్నాయి.

* కళ్లజోడు పెట్టుకునే లేజర్‌లోంచి చూసి కొనాలి. అంకెలు ఎండలో స్పష్టంగా కనిపించాలి. దాంతో సూర్యుడివైపు మాత్రం ఎప్పుడూ చూడకూడదు.