సెప్సిస్ రోగి చీటీలో ఉండవలసిన మూడు అంకెలు

జ్వరమే కదా అని ఉపేక్షించిన రోగి రెండు రోజుల్లో విషమ స్థితికి చేరుకోవడం మన పల్లెలకు కొత్త కాదు. ఇన్‌ఫెక్షన్‌ను ఎదుర్కొనే ప్రయత్నంలో శరీరం అదుపు తప్పి తన అవయవాలనే దెబ్బతీసుకునే స్థితిని వైద్యులు సెప్సిస్ అంటారు. న్యుమోనియా, మానని పుండు, కాన్పు తరువాతి జ్వరం వంటివి దీనికి దారితీయవచ్చు. 'లాన్సెట్' వైద్య పత్రిక 2020లో ప్రచురించిన అంచనా ప్రకారం, 2017లో ప్రపంచమంతటా 4.89 కోట్ల మంది దీని బారిన పడగా, 1.1 కోట్ల మరణాలకు ఇది కారణమైంది.

అత్యవసర విభాగానికి వచ్చినవారిలో ఎవరికి ప్రాణాపాయం ఎక్కువో ముందుగా తెలిసేదెలా? ఇన్‌ఫెక్షన్ సోకిన పెద్దవారి కోసం 2016లో అంతర్జాతీయ నిపుణులు 'క్యూసోఫా' అనే కొలమానాన్ని ప్రతిపాదించారు. నిమిషానికి శ్వాస 22 లేదా అంతకు మించడం, పై రక్తపోటు 100 లేదా అంతకు తగ్గడం, స్పృహలో మార్పు రావడం అనే మూడింటిలో రెండు కనిపిస్తే ముప్పు అధికమని దాని సారాంశం. దీనికి గడియారం, బి.పి. యంత్రం చాలు.

అయితే ఇది ఒక్కటే చాలదు. సెప్సిస్‌ను గుర్తించడానికి కేవలం దీనిపైనే ఆధారపడరాదని 2021 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు సూచించాయి. కంప్యూటరు అంచనాలకూ లోపాలున్నాయి. అమెరికాలో వందలాది ఆసుపత్రులు వాడిన ఒక సాఫ్ట్‌వేర్ మూడింట రెండు వంతుల సెప్సిస్ రోగులను పసిగట్టలేకపోయిందని మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో వెల్లడించారు. కనుక ఒకసారి చూసిన అంకెతో తృప్తిపడక, అది ఎలా మారుతున్నదో గమనిస్తూ ఉండాలి.

మన సరిహద్దు ప్రాంతానికి చిక్కు ఇక్కడే. బాగేపల్లిలో చూపించుకున్న రోగిని చిక్కబళ్ళాపురానికో, హద్దు దాటి హిందూపురానికో, దాదాపు 100 కిలోమీటర్ల దూరంలోని బెంగళూరుకో తరలిస్తారు. మొదట చూసిన అంకెలు వెంట రాకపోతే, రోగి కోలుకుంటున్నాడో క్షీణిస్తున్నాడో అక్కడి వైద్యునికి తెలియదు. షాక్‌లో ఉన్నవారికి గంటలోపే యాంటీబయాటిక్ ఇవ్వాలని అవే మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ గంట ప్రయాణంలోనే గడిచిపోతే ముప్పును ముందుగా కనిపెట్టీ ప్రయోజనం లేదు.

అందువల్ల తొలి మోతాదు మొదటి ఆసుపత్రిలోనే పడాలి. శ్వాస, రక్తపోటు, స్పృహ, చూసిన వేళ, ఇచ్చిన మందు రెఫరల్ చీటీలో రాయడాన్ని ఇరు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు తప్పనిసరి చేయాలి. కుటుంబీకులు కూడా ఆ చీటీని అడిగి తీసుకోవాలి. జ్వరంతో ఉన్న మనిషికి మాట తడబడినా, ఆయాసం వచ్చినా, మూత్రం బాగా తగ్గినా తెల్లవారే దాకా ఆగక 108కి ఫోన్ చేయడం మేలు.