పాల్పడింది ఎవరు?

ఒక హాస్టల్లో పదో తరగతి పిల్లవాడు చనిపోయాడు. మర్నాడు ప్రార్థన దగ్గర ఒక సారు మైకు పట్టుకుని, ఆత్మహత్య మహాపాపమనీ, అది పిరికివాళ్లు చేసే పని అనీ అరగంట చెప్పారు. చనిపోయినవాడి పక్క మంచం పిల్లవాడు ముందు వరసలోనే ఉన్నాడు. స్నేహితుడు కొన్నాళ్లుగా సరిగా తినడం లేదని వాడికి తెలుసు. వాణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు.

మన తెలుగు మాటలోనే తీర్పు ఉంది. దోపిడీకి పాల్పడ్డాడు అంటాం, హత్యకు పాల్పడ్డాడు అంటాం, ఆత్మహత్యకూ పాల్పడ్డాడనే అంటాం. పేపర్లు రోజూ అలాగే రాస్తాయి. చనిపోయినవాడు ముద్దాయి అయిపోతాడు. మిగతావాళ్లందరం సాక్షులమో, జడ్జీలమో అవుతాం.

ఈ తీర్పుకు పెద్ద పెద్ద తత్వవేత్తల అండ ఉంది. ప్రాణం తీసుకున్నవాడు తనకు కాదు, నగరానికి అన్యాయం చేస్తున్నాడన్నాడు అరిస్టాటిల్. సరే, ఒప్పుకుందాం. అయితే ఆ నగరం వాడికి ఏమిచ్చింది? ఇంట్లో కోయ, గోండి, కువి, సవర మాట్లాడే బిడ్డను ఆరేళ్లకే తెచ్చి, రాని భాషలో పాఠం చెప్పి, రాలేదని నవ్వి, ఇంటి మీద బెంగ పెట్టుకుంటే పారిపోతాడేమోనని గేటుకు తాళం వేసిన నగరం అప్పు లెక్క అడగడానికి ఏ ముఖంతో వస్తుంది?

హ్యూమ్ దీనికి ఎదురు వాదించాడు. ఆ వ్యాసం ఆయన పోయాక, 1777లో అచ్చయింది. ప్రాణం తీసుకోవడం దేవుడి పనిలో జోక్యమైతే, మీద పడబోయే రాయిని తప్పించుకోవడమూ జోక్యమే కదా అన్నాడు. పాపం పేరుతో భయపెట్టేవాళ్లకు అది గట్టి జవాబే. కానీ బతుకు భారమైనప్పుడు మనిషి తానే తూచి చూసుకుంటాడనే ఆయన లెక్క మన హాస్టల్లో పనికిరాదు. మార్కుల కాగితం చేతిలో పట్టుకున్న పదిహేనేళ్ల పిల్ల ఆ రాత్రి తన బతుకంతా ఎలా తూస్తుంది? తక్కెడ ఇచ్చిందే మనం. అందులో మార్కులు తప్ప ఇంకేమీ పెట్టనివ్వలేదు.

మనవాళ్లు కొందరు రెండో కొసకు పోతున్నారు. ఇలాంటి చావును త్యాగమని, తిరుగుబాటని కవితలు రాస్తున్నారు. దీన్ని నేను అస్సలు ఒప్పుకోను. మనిషిని సాధనంగా వాడుకోకూడదని కాంట్ చెప్పింది చనిపోయినవాడికి కాదు, ముందు ఈ కవులకు తగలాలి. 2019లో ముంబైలో వైద్య విద్యార్థిని పాయల్ తడ్వి, మన భిల్లుల ఆడబిడ్డ, చనిపోయింది. ఆ ఏడాదే ఆమె తల్లి, రోహిత్ వేముల తల్లి కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లారు. తమ బిడ్డల్ని వీరులనమని వాళ్లు అడగలేదు. ఉన్నత విద్యాసంస్థల్లో కులవివక్షను ఆపమని అడిగారు. ఆ తల్లులకు తెలిసినంత తత్వం మన వేదికల మీద వినపడదు.

చట్టం కూడా నెమ్మదిగానైనా కదిలింది. ప్రాణం తీసుకోబోయి బతికినవాణ్ణి 309 సెక్షన్ కింద ఏడాది వరకు జైల్లో పెట్టవచ్చు అనేవాళ్లు. 1994లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది, 1996లో మళ్లీ నిలబెట్టింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మాట మార్చింది: ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే అనుకోవాలి, శిక్షించకూడదు, వైద్యం, ఆదరణ ఇవ్వాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. 2024 జూలైలో వచ్చిన కొత్త శిక్షాస్మృతిలో 309 లేనే లేదు. చట్టం వదిలేసిన మాటను ప్రార్థన మైకు ఇంకా పట్టుకునే ఉంది.

మన ఊళ్లూ తక్కువేం కాదు. ఇలా పోయినవాళ్లను కొన్నిచోట్ల అందరితో పాటు పూడ్చరు, దినాలు సరిగా చెయ్యరు. భయంతో పుట్టిన ఆచారమే కావచ్చు. దానివల్ల ఆ ఇల్లు నోరు మూసుకుంటుంది. ఆ ఇంట్లో మిగిలిన బిడ్డ తన మనసులో ఏముందో మరి ఎవరికీ చెప్పదు.

సార్లూ, మేడమ్‌లూ, చావాలనిపిస్తోందా అని పిల్లల్ని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మీరు భయపడతారు. అలా పుట్టదు. అడిగితే వాళ్లకు ఊపిరి ఆడుతుంది. వాళ్ల భాషలో అడగండి, రాకపోతే ఆ భాష వచ్చిన వంటమనిషినైనా పక్కన కూర్చోబెట్టుకోండి. పిల్లల్లారా, స్నేహితుడు అలా మాట్లాడితే రహస్యంగా ఉంచకండి, ఆ రాత్రే నమ్మకమున్న పెద్దవాళ్లకు చెప్పండి. టెలిమానస్ నంబరు 14416, ఏ వేళకైనా పలుకుతుంది, డబ్బులు పడవు. హాస్టల్ గోడ మీద రాయడం ఎవరైనా చేస్తారు. కాని ఆ పిల్లల చేతుల్లో ఫోన్లు లేవు. ఉన్న ఒక్క ఫోన్ వార్డెన్ గదిలో ఉంది, ఆ గదికి రాత్రి తాళం.