భేజ్జి మాట వినని న్యాయపరీక్ష

ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా, కోంటా తహసీలుకు చెందిన భేజ్జి పేరు దేశమంతా వినబడింది 2017 మార్చి 11న. ఇంజరం-భేజ్జి రోడ్డు పనులకు కాపలాగా వెళ్లిన 12 మంది సీఆర్పీఎఫ్ జవాన్లు ఆ రోజు మావోయిస్టుల మాటుదాడిలో మరణించారు. నెలన్నరకే, ఏప్రిల్ 24న, అదే జిల్లాలోని బుర్కాపాల్ దగ్గర మరో 25 మంది నేలకొరిగారు. ఆ తరువాత అరెస్టుల పర్వం మొదలైంది. బుర్కాపాల్ కేసులో దంతెవాడ ప్రత్యేక న్యాయస్థానం 2022 జులైలో 121 మంది ఆదివాసులను నిర్దోషులుగా ప్రకటించింది. అప్పటికి వారిలో అత్యధికులు దాదాపు ఐదేళ్లుగా జైల్లో ఉన్నారు. జవాన్లను చంపినదెవరో తేలలేదు. నిర్దోషుల ఐదేళ్లు తిరిగి రాలేదు. ఇద్దరికీ న్యాయం దక్కలేదు.

ఈ ప్రాంతంలో రోడ్లకు, క్యాంపులకు ప్రభుత్వాలు గడువులు పెడతాయి. మావోయిజం అంతానికి కేంద్ర హోంమంత్రి అమిత్ షా 2026 మార్చి 31ని గడువుగా ప్రకటించారు. న్యాయస్థానానికి మాత్రం ఏ గడువూ లేదు. అక్కడ కూర్చునే న్యాయాధికారి ఎలా తయారవుతాడన్న ప్రశ్న రాజకీయ చర్చలోకే రాదు. కానీ అడవి గ్రామంలో పట్టుబడిన మనిషి చాలా కేసుల్లో మొదట నిలబడేది జూనియర్ సివిల్ జడ్జి హోదాలోని మెజిస్ట్రేటు ముందే. రిమాండు కాగితం మీద మొదటి సంతకం ఆ అధికారిదే. ఆ కుర్చీకి దారి, జ్యుడీషియల్ సర్వీసు పరీక్ష.

ఆ దారికి 2025 మే 20న సుప్రీంకోర్టు ఒక గేటు పెట్టింది. ప్రధాన న్యాయమూర్తి బి.ఆర్.గవాయ్ నేతృత్వంలోని ధర్మాసనం, సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే న్యాయవాదిగా కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలని తీర్పు చెప్పింది. ఇదేమీ కొత్త నిబంధన కాదు. 1993లో ఇదే న్యాయస్థానం విధించి, 2002లో శెట్టి కమిషన్ సిఫారసు మేరకు తానే ఎత్తివేసిన నిబంధన. పుస్తకం తప్ప కోర్టు చూడని పట్టభద్రుడు బెయిలు, స్వేచ్ఛ, ఆస్తి వంటి విషయాలపై తీర్పు చెప్పడం ప్రమాదకరమన్న వాదనలో బలముంది. ఆ బలాన్ని కాదనేవారు కోర్టు గుమ్మం తొక్కనివారే అయివుంటారు.

అయితే ఆ మూడేళ్లు ఎవరు భరించాలి? న్యాయవాదిగా నమోదుకు ఎస్సీ, ఎస్టీ అభ్యర్థుల వద్ద రూ.125కు మించి వసూలు చేయరాదని 2024 జులై 30న సుప్రీంకోర్టే ఆదేశించింది. మంచిదే. నమోదు చవకయింది, నమోదయ్యాక బతకడం చవక కాలేదు. జూనియర్లకు పట్టణాల్లో నెలకు రూ.20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో రూ.15 వేలు ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సూచించింది. అది సూచన మాత్రమే, ఆజ్ఞ కాదు. సీనియరు ఇస్తే భత్యం, ఇవ్వకపోతే అనుభవం! తండ్రి న్యాయవాది అయిన యువకుడికి ఆ మూడేళ్లు శిక్షణ. తండ్రి తునికాకు కోసి బతికే యువతికి అవి మూడు ఆకలి సంవత్సరాలు. ఆ పైన పరీక్షకు చదవడం. శిక్షణ కేంద్రాలు బిలాస్‌పూర్‌లో, ఇందోర్‌లో ఉంటాయి గాని కోంటాలో ఉండవు.

తమిళనాడులో జవ్వాది కొండల మలయాళి తెగ యువతి 23 ఏళ్లకే సివిల్ జడ్జి పరీక్షలో నెగ్గిందని 2024 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి స్టాలిన్ మొదలుకొని ఎందరో అభినందించారు. ఇప్పటి నిబంధన అప్పుడుండి ఉంటే ఆమె దరఖాస్తు కూడా చేయలేకపోయేది. అయిదేళ్ల లా కోర్సు ముగిసే వయసే 23!

ఇక బస్తర్‌లో వకాలత్ అనుభవమంటే ఏమిటో జగదల్‌పూర్ లీగల్ ఎయిడ్ గ్రూప్ చరిత్ర చెబుతుంది. ఆదివాసుల తరఫున వాదించిన ఆ న్యాయవాదులు 2016లో ఒత్తిళ్ల మధ్య ఆ పట్టణం వదిలిపోవలసి వచ్చింది. అటువంటి చోట కొత్త వకీలు ఏ కేసులు తీసుకుంటే మూడేళ్లు నిలబడగలడు?

అనుభవం మీద ఇంత పట్టింపు ఉన్న వ్యవస్థ, పరీక్షలో భాష మీద ఏ పట్టింపు చూపుతోంది? ఛత్తీస్‌గఢ్ సివిల్ జడ్జి ప్రధాన పరీక్షలో తీర్పు రాయించుతారు, అభియోగాలు రూపొందించమంటారు, అనువాదం చేయిస్తారు. ఆ అనువాదం హిందీ నుంచి ఇంగ్లీషుకు, ఇంగ్లీషు నుంచి హిందీకి. భేజ్జి చుట్టూ వినబడేది గోండీ, దొర్లీ. శబరి ఒడ్డుకు వచ్చేకొద్దీ తెలుగు. ముద్దాయికి అర్థం కాని భాషలో చెప్పిన సాక్ష్యాన్ని అతనికి తెలిసిన భాషలో వినిపించాలని పాత నేర శిక్షాస్మృతి 279వ సెక్షన్ శాసించింది, కొత్త చట్టమూ ఆ మాటనే నిలిపింది. వినిపించేది మాత్రం ఎక్కువగా పోలీసుకో, గుమాస్తాకో దొరికిన దుబాసీ. ఆ దుబాసీ ఏం చెప్పాడో తెలుసుకునే శక్తి మూడేళ్లు వకాలత్ చేసి వచ్చిన జడ్జికీ లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం గోండీ మాట్లాడేవారు సుమారు 29.8 లక్షలు. ఆ భాషకు ఎనిమిదో షెడ్యూలులో చోటు లేదు. 24,821 మంది మాతృభాషగా చెప్పుకున్న సంస్కృతానికి ఉంది.

తెలుగు రాష్ట్రాలవారు వేలెత్తి చూపే స్థితిలో లేరు. ఇక్కడి జూనియర్ సివిల్ జడ్జి పరీక్షలోనూ అనువాదం తెలుగు, ఇంగ్లీషుల మధ్యనే. సరిహద్దు దాటితే చింతూరు. అక్కడి కోయ ముద్దాయికి భేజ్జి ముద్దాయికన్నా మెరుగైన ఏర్పాటు లేదు. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక కోంటా ప్రాంతం నుంచి పారిపోయి భద్రాచలం అడవుల్లో గుడిసెలు వేసుకున్న కుటుంబాలు అటవీ కేసుల్లో నిలబడేది ఈ కోర్టుల్లోనే. ఆ సల్వాజుడుం పోలీసు సహాయకుల వ్యవస్థ రాజ్యాంగ విరుద్ధమని 2011 జులై 5న తీర్పు చెప్పిన ఇద్దరిలో ఒకరు తెలుగువారు, జస్టిస్ బి.సుదర్శన్ రెడ్డి.

దిగువ కోర్టుల నియామక నియమాలను మార్చడానికి పార్లమెంటు అక్కరలేదు. రాజ్యాంగం 234వ అధికరణం ప్రకారం గవర్నరు, పబ్లిక్ సర్వీస్ కమిషన్‌నూ హైకోర్టునూ సంప్రదించి నియమాలు చేయవచ్చు. అనువాద పత్రంలో గోండీ, హల్బీ, దొర్లీలలో ఒకటి ఐచ్ఛికంగా చేర్చడం, ఆ భాష వచ్చినవారికి బస్తర్‌లో మొదటి నియామకం ఇవ్వడం, షెడ్యూల్డ్ ప్రాంత యువ న్యాయవాదులకు ఆ మూడేళ్లూ ఖజానా నుంచి భత్యం చెల్లించడం: ఈ మూడింటికీ రాయపూర్, బిలాస్‌పూర్‌ల మధ్య నడిచే ఫైలు చాలు. ఆ ఫైలు ఇంతవరకు కదలలేదు. ఇంజరం నుంచి భేజ్జికి రోడ్డు మాత్రం వేశారు.