ఇవ్వవచ్చునట!

ఇంగ్లీషులో "మే" అని ఓ బుల్లి మాట ఉంది. పిల్లవాడు క్లాసు గుమ్మంలో నిలబడి "మే ఐ కమిన్?" అంటే అనుమతి అడుగుతున్నాడని అర్థం. "ఇట్ మే రెయిన్" అంటే వాన పడితే పడొచ్చు, లేకపోతే లేదు. మన "వచ్చు" కూడా అలాంటిదే. "నువ్వు వెళ్లవచ్చు" అంటే అనుమతి, "ఆయన రేపు రావచ్చు" అంటే అనుమానం. ఇంట్లో దీనితో ఇబ్బంది లేదు. వస్తారేమోనని ఓ గుప్పెడు బియ్యం ఎక్కువ పోస్తాం, అంతే.

ఇదే మాట చట్టంలో చేరితేనే వస్తుంది చిక్కు. భర్త వదిలేసిన ఇల్లాలికి మనోవర్తి ఇప్పించే సెక్షను ఉంది చూశారూ, 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది 125. భర్త పోషించడం లేదని రుజువైతే, నెలకింత ఇమ్మని మేజిస్ట్రేటు ఆర్డరు "వేయవచ్చును". అక్కడున్నది "మే". మరి కాస్త కిందికి చదవండి. తగిన కారణం లేకుండా ఆవిడే కాపురానికి రానంటోందని రుజువైతే ఆ ఆర్డరు రద్దు "చేయవలెను". ఇక్కడ "షల్"! పెట్టేటప్పుడు వచ్చునట, విస్తరి లాగేసేటప్పుడు వలెనట!

"అలా కాదమ్మా, బాధ్యత ఉన్నచోట 'మే' అని ఉన్నా 'షల్' అనే కోర్టులు చదువుకుంటాయి" అన్నారు నాకు తెలిసిన ప్లీడరుగారొకరు. కావచ్చు. అలా చదువుకోవలసినదాన్ని అలాగే రాస్తే సిరా ఎక్కువవుతుందా? ప్లీడరు ఫీజుకి గాజులు తాకట్టు పెట్టే మనిషికి ఈ చదువు ఎవరు చెబుతారు?

2001లో మధ్యంతర మనోవర్తికి వీలు కల్పించారు. ఆ దరఖాస్తు నోటీసు అందిన 60 రోజుల్లో తేల్చాలన్నారు, అదీ "వీలైనంతవరకు". ఆకలి వీలు చూసుకుని వేస్తుందా? 2024 జూలై నుంచి కొత్త సంహిత వచ్చింది. కోడ్ పేరు మారింది, 125 కాస్తా 144 అయింది. "మే" మాత్రం కదల్లేదు.

ఎంత ఇవ్వాలో మేజిస్ట్రేటుగారినే తేల్చనివ్వండి. అది ఆయన పని. కాని రుజువయ్యాక కూడా ఇవ్వడమా మానడమా అన్న ప్రశ్న ఎందుకుండాలి? మన చేత వండించేటప్పుడు, వడ్డించేటప్పుడు, అత్తమామలకి చాకిరీ చేయించేటప్పుడు "వచ్చు" అని ఒక్కరైనా అన్నారా? అన్నీ "వలెను"లే. మన కంచం దగ్గర కూడా ఆ ఒక్క మాటా రాయవలెను.