రేవులో పడవకూ రక్షణ కావాలి

ఆశ్వయుజం వచ్చిందంటే మత్స్యకారుల గుండెల్లో గుబులే. తుపాను హెచ్చరిక విని వేట మానితే ప్రాణాలు దక్కుతున్నాయి గాని, రేవులో కట్టిన పడవలు దక్కడం లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకు విశాఖ ఫిషింగ్ హార్బరులో లంగరు వేసిన పడవలే పగిలాయి, మునిగాయి. నీటిమట్టం పెరిగినపుడు బిగించి కట్టిన తాడు తెగుతుంది. పక్కపక్కనున్న పడవలు ఒకదాన్నొకటి నుగ్గు చేసుకుంటాయి.

కనుక తెప్పలను, నావలను ముందే మెరకకు లాగాలి. తెరచాప విప్పి దింపాలి. పెద్ద పడవలను ఎడంగా, తాడుకు వదులిచ్చి కట్టాలి. ప్రమాద సూచిక ఎగురవేయడంతో అధికారుల బాధ్యత తీరదు. పడవలను ఒడ్డుకు చేర్చే సాయం కూడా సకాలంలో అందించాలి. పడవ పోతే ఆ ఇంటికి మిగిలేది అప్పే.