సంకల్పంలో సహధర్మచారిణి, సేద్యంలో అపరిచిత

కొత్తపేట ప్రాంతంలోని ర్యాలి క్షేత్రంలో జగన్మోహినీ కేశవస్వామి ఏకశిలామూర్తి. పురోభాగం కేశవుడు, పృష్ఠభాగం మోహిని. ఎదుట నిలిచి నమస్కరించి వెనుదిరిగిన భక్తునికి లభించేది అర్ధదర్శనమే. కోనసీమ కర్షక కుటుంబాన్ని లోకం చూస్తున్నదీ ఈ విధంగానే. పురోభాగంలో పురుషుడు ‘రైతు’గా కనబడతాడు. అదే చేనులో శ్రమించిన గృహిణి గణనలోకి రాదు.

దమ్ము చేయడం, కొబ్బరి దింపులు, ధాన్యవిక్రయం పురుషుని పనులు. ఊడ్పులు, కలుపుతీత, పశుపోషణ, కొబ్బరి ఈనెలు తీయడం, వీటితోబాటు వంట, శిశుపోషణ, వృద్ధసేవ స్త్రీ పనులు. ఈ కార్యవిభజన స్వతః దోషం కాదు. దేహబలాన్ని, ఋతువును, ఇంటి సౌకర్యాన్ని అనుసరించి ఏర్పడినది. దోషం మరొకచోట ఉన్నది. శ్రమలో సగభాగం మోసే స్త్రీకి నిర్ణయంలో భాగం లేదు. కౌలు ఎంతకు కుదుర్చుకోవాలి, సార్వాకు అప్పు ఎక్కడ తేవాలి, ఏ భూమిని తాకట్టు పెట్టాలి అన్నవి మాత్రం ‘మగవారి వ్యవహారాలు’.

ఇది శాస్త్రసమ్మతమా? ఆపస్తంబ సంప్రదాయపు సప్తపదిలో మొదటి అడుగు అన్నం కొరకు, రెండవది బలం కొరకు, మూడవది వ్రతం కొరకు, నాలుగవది సుఖం కొరకు. ఐదవది పశుసంపద కొరకు, ఆరవది ఋతువుల కొరకు. అన్నం, పశువులు, ఋతువులు కర్షకుని జీవితమే కదా! ఏడవ అడుగు పూర్తికాగానే వరుడు వధువును సఖి అని సంబోధిస్తాడు, దాసి అని కాదు. సఖితో ఆలోచించక చేసిన కార్యం అగ్నిసాక్షిగా చేసిన ఆ ప్రతిజ్ఞకు భంగమే. ఆలయంలో గృహస్థుడు అర్చన చేయించుకొంటే ‘ధర్మపత్నీసమేతస్య’ అని చేర్చి సంకల్పం పలుకుతారు. ఐదు నిమిషాల అర్చనకు కావలసిన పత్నీసాహిత్యం ఐదేళ్ళు తీర్చవలసిన ఋణానికి అక్కరలేదా?

2011 సార్వాలో గిట్టుబాటు ధర లేక, పెట్టుబడి భారం మోయలేక కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. ఆ వేదన న్యాయమైనదే. అయితే చేనుకు విరామం ఇచ్చినా పొయ్యికి విరామం ఉండదు. ఊడ్పులు లేకపోతే ఊడ్పుల కూలి లేదు. ఆ లోటు ముందుగా కనబడేది స్త్రీ చేతిలోని వంటపాత్రలోనే. చేనును గురించిన ప్రతి నిర్ణయమూ ఇంటిని గురించిన నిర్ణయమే.

భార్య కలత చెందుతుందని అప్పును దాచే భర్త దుష్టుడు కాడు, ప్రేమతోనే దాస్తాడు. కానీ ఆ మౌనం అతనిని ఏకాకిని చేస్తుంది, నిరాశలోకి నెట్టుతుంది. ఇద్దరు మోయవలసిన బరువు ఒక్కని వెన్నును విరుస్తుంది. విపత్తు వచ్చిననాడు ఋణదాత వచ్చి నిలిచేది ఆమె గుమ్మంలోనే. ఎన్నడూ వినని లెక్కకు ఆమె సమాధానం చెప్పవలసి వస్తుంది.

పాత్రలు మారితే కుటుంబమర్యాద శిథిలమవుతుందని కొందరు పెద్దలు శంకిస్తారు. అమలాపురం, రాజోలు పరిసరాలనుండి గృహసేవకై కువైట్ మొదలైన దేశాలకు వెళ్ళిన స్త్రీలు ఎందరో ఉన్నారు. అటువంటి ఇంట అన్నం వండి, కుమార్తెకు జడవేసి బడికి పంపే తండ్రికి ధర్మలోపం కలుగలేదు. ధర్మం అతని చేతిలో నిలిచింది. అయితే అప్పు చేసేనాడు ఒక్కమాటైనా అడగని ఇల్లాలిని, అప్పు తీర్చేనాడు సముద్రం దాటించడం ఏ శాస్త్రానికీ సమ్మతం కాదు.

సన్న్యసించబోతూ యాజ్ఞవల్క్యుడు మైత్రేయీ కాత్యాయనులకు ధనవిభాగం చేయదలచినట్లు బృహదారణ్యకోపనిషత్తు తెలుపుతున్నది. సర్వం త్యజింపబోయే ఋషియే భార్యల భాగాన్ని విస్మరించలేదు. సంసారంలో ఉన్న గృహస్థునికి ఆ విస్మృతి ఎట్లా తగుతుంది?

దీనికి మహాయజ్ఞాలు అవసరం లేదు. ఏరువాక పున్నమినాడు దంపతులు దేవుని ఎదుట దీపం వెలిగించి కూర్చోవాలి. కౌలు, ఎరువు, పాత అప్పు, రాబోయే ఆదాయం, ఇంటి ఖర్చు ఇద్దరూ కలిసి లెక్క చూడాలి. ఆమెకు తెలియని అప్పు చేయరాదు. కొత్తగా కొన్న భూమిలో ఆమె పేరు కూడా వ్రాయించాలి. ఆమె చేసే పనిని కుమారులకు కూడా నేర్పాలి. ఇది కర్షక గృహస్థునికి తగిన వ్రతం.

ర్యాలిలో మూర్తి వెనుకకు వెళ్ళి చూచినవారికే పూర్ణదర్శనం. ఇంటిలోనూ అంతే.

స్వస్తి.